కొట్టేసిన నాలుగు వరుసలు

ఆ ఆదివారం పొద్దున్నే ఆమె మూడు కాగితాలు ముందేసుకుని కూర్చుంది. తల్లి వాడే బాత్రూము బాగుచేయడానికి ముగ్గురు కాంట్రాక్టర్లు ఇచ్చిన కొటేషన్లవి. మొదటివాడి ధరకు మూడోవాడిది దాదాపు రెట్టింపు. గది ఒకటే, గోడలు నాలుగే, ఇంత తేడా ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకు అంతుపట్టలేదు.

అలాగని కాగితాలు చదవడం రాక కాదు. అది ఆమెకు కొట్టిన పిండి. పదిహేనేళ్లుగా కొనుగోళ్ల సెక్షన్లో అదే పని. మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టాలి, ఒకదాంట్లో ఉండి మిగతా రెండింట్లో లేని వరుసను అనవసరపు హంగు కింద జమకట్టి ఎర్రపెన్నుతో కొట్టేయాలి. ఆఫీసులో ఆమెను వెనకాల "కత్తెర" అంటారు. ఆ మాట ఆమె చెవిన పడింది కూడా. పడినందుకు లోలోపల సంతోషించిందే కానీ నొచ్చుకోలేదు.

మూడో కాగితంలో అలాంటివి నాలుగు దొరికాయి. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చడం. గడప తీసేసి నేల సమం చేయడం. రెండు గోడలకూ పట్టుకునే కడ్డీలు. లైటు స్విచ్చిని మంచం పక్కకి తేవడం. నాలుగింటినీ కొట్టేసింది. అయినా ధర మొదటివాడి దాకా దిగిరాలేదు.

"ఆ మూడో ఆయనకే ఇవ్వరాదూ?" అంది తల్లి, కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుని.

"రేపు మొదటివాడు పని మొదలుపెడతానన్నాడు. నీకేం తెలుసమ్మా, ఊరుకో."

ఆవిడ ఊరుకుంది. ఈ మధ్య ఆవిడకు ఊరుకోవడం బాగా అలవాటైంది.

"అత్తయ్యగారు ఎప్పుడూ ఏదీ అడగరు కదా, ఒకసారి వినకూడదూ" అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"మీకు తెలీదు, ఊరుకోండి. నేను ఆఫీసుకెళ్లిన రోజు వచ్చాడు. అమ్మ మెతక మనిషి. నాలుగు తీపి మాటలు చెప్పి బుట్టలో వేసుకుని ఉంటాడు. ఇప్పుడు రమ్మన్నాను. రానివ్వండి, కడిగేస్తాను."

"కాఫీ ఇచ్చాక కడుగు. పాపం, పొద్దున్నే వస్తున్నాడు."

మూడో కాంట్రాక్టరు వచ్చాడు. యాభై దాటిన మనిషి. వేళ్ల సందుల్లో సిమెంటు ఇంకా వదల్లేదు. చెప్పులు బయట విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు. కాఫీ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

"ఏవండీ, పెద్దావిడ ఒక్కతే ఉందని చూసి ఈ హంగులన్నీ అంటగట్టారా? మిగతా ఇద్దరికీ కనపడనివి మీకెలా కనపడ్డాయి?"

అతను ఆమె చేతిలోని కాగితం వైపు చూశాడు. ఎర్రగీతలు చూసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ముగ్గురం ఒకే పనికి రేటు చెప్పలేదమ్మా. ఆ ఇద్దరికీ మీరు గది చూపించి టైల్సు మార్చమన్నారు, వాళ్లు దానికే చెప్పారు. పాత నేల పగలగొట్టడం, చెమ్మ దిగకుండా పూత పూయడం నేను లెక్కలో వేశాను, అదొక తేడా. ఇక ఆ నాలుగూ..." అని ఆగి పెద్దావిడ వైపు చూశాడు. "చెప్పమంటారా అమ్మగారూ?"

"మీ ఇద్దరి మధ్యా నాకు తెలియనిదేముంది?" ఆమె గొంతు పెరిగింది. "మా అమ్మ గురించి మీరు నాకు చెప్పేదేమిటి?"

"ఆయన్నేమీ అనకు పాపా," అంది తల్లి. "అవి నేను రాయించినవే."

ఆమె తల్లి వైపు తిరిగింది.

"మంచం దగ్గర్నుంచి అక్కడిదాకా ఒకసారి నడిచి చూపించమన్నాడు. నడిచాను. గోడ పట్టుకుంటున్నారేం అని అడిగాడు. చెప్పాను. రెండుసార్లు పడ్డానే. రెండోసారి తలుపుకి అడ్డంగా పడ్డాను. అది లోపలికి తెరుచుకునే తలుపాయె. నువ్వొచ్చి తోసినా తెరుచుకోదు. గంటసేపు అలాగే ఉండి, మెల్లగా జరిగి లేచాను. భుజం మీద దెబ్బ చూసి నువ్వు అడిగితే మంచం కోడు తగిలిందన్నాను."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

తల్లి చీర చెంగు సర్దుకుంది. చెప్పడం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

"పోయినేడు నాకు జబ్బు చేస్తే నెల్లాళ్లు సెలవు పెట్టావు. ప్రమోషన్ నీ కిందమ్మాయికి పోయింది. ఆ రోజు ఫోన్లో ఎవరితోనో అన్నావు, అమ్మ ఉన్నన్నాళ్లూ నా బతుకింతేనని. నిజమే కదా, తప్పేముంది? అందుకే నా సంగతులు కాస్త తగ్గించుకున్నాను. ఆయన పరాయివాడు, విని వెళ్లిపోతాడు కదా అని చెప్పేశాను."

ఆమెకు ఆ ఫోను గుర్తొచ్చింది. వంటింట్లో, కుళాయి తిప్పి ఉంచి, ఎవరికీ వినపడదనుకుని అన్న మాట. మొదటివాడికి పని ఇచ్చి ఉంటే, కొత్త టైల్సు మెరుస్తుండగా ఆ తలుపు వెనకే మళ్లీ... అంతకుమించి ఆలోచించలేకపోయింది. తల్లి కాళ్ల దగ్గర నేలమీద కూలబడి, ఆవిడ ఒళ్లో ముఖం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఆ మాట అన్నానమ్మా. అన్నాను."

"అలసిపోయి అన్నావులే. లే, ఆయన నిలబడే ఉన్నాడు."

కాంట్రాక్టరు తలుపు వైపు తిరిగి నిలబడి చొక్కా చేతులు సర్దుకుంటున్నాడు. భర్త అతని దగ్గరికి వెళ్లి మెల్లగా, "పని ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగాడు.

"రేపే వస్తానండీ. ముందు తలుపు తిప్పి పెడతాను. మిగతావి తర్వాత."

అతను వెళ్లాక తల్లి కుర్చీ చేతుల మీద భారం వేసి లేచింది. కూతురు కూడా లేచింది. ఎప్పుడూ అయితే "నేను వెళ్లగలనులే" అని విసుక్కునే తల్లి ఈసారి కూతురికి చెయ్యి అందించింది. బాత్రూము గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆ చెయ్యి వదిలింది.

"గడియ పెట్టుకోనులే. నువ్విక్కడే ఉండు."

తలుపు దగ్గరగా పడింది. ఆమె గోడకి ఆనుకుని, లోపలి ప్రతి చప్పుడూ వింటూ నిలబడింది. నీళ్ల చప్పుడు ఆగింది. కాసేపు ఏమీ వినపడలేదు.

"పాపా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా," అంది ఆమె. "ఇక్కడే ఉన్నాను."