నొగ మీద వంద కాయలు

కాఫీ గ్లాసు కింద పెట్టాక ఎవరినో ఒకరిని కేకలెయ్యకపోతే జగదాంబకి తెల్లవారినట్టు ఉండదు. అంబాజీపేటలో ఆవిడ కొబ్బరికాయల కొట్టు చుట్టుపక్కల వాళ్లు ఆ కేకల్ని బట్టి టైము చూసుకుంటారని ఒక మాట ఉంది. ఆ రోజు పొద్దున్న ఆ భాగ్యం కొడుకు నాగేశ్వరప్రసాద్‌కి దక్కింది.

"ఏంట్రా అది? దాని ముఖం అటు పెట్టావేంటి?"

పెరట్లో కొబ్బరి పీచు కుప్పల పక్కన, రెండు చక్రాల ట్రైలరు మీదకి ప్రసాద్ తన రేసు కారు ఎక్కించి తాళ్లు బిగిస్తున్నాడు. ఒక్క మనిషే పట్టే కారు అది. కప్పు లేదు, తలుపులు లేవు. డ్రైవరు వీపు వెనక పాత ఫియట్ ఇంజను ఉంటుంది. కాకినాడలో ఇంజనీరింగు చదివి, ఊళ్లో నూనె మిల్లుల మిషన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్న ప్రసాద్, మూడేళ్ల సాయంకాలాలన్నీ ధారపోసి దాన్ని తయారుచేశాడు. మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద రేసులు జరుగుతాయి. పోయినేడు ఈ కారుని మద్రాసు వెళ్లే కాయల లారీలో పంపిస్తే, దించేటప్పుడు జారి ముందు చక్రాలు రెండూ విరిగాయి. రేసు రోజున ప్రసాద్ జనంలో నిలబడి పరాయి వాళ్ల కార్లు చూసి వచ్చాడు. వచ్చాక పది రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అందుకే ఈసారి సొంత బండి వెనక తగిలించుకుని తనే తీసుకెళ్లాలని నిశ్చయించుకున్నాడు. రేసు ఇంక తొమ్మిది రోజులే ఉంది.

ఇంట్లోకి ఎలాగూ ఒక బండి కొనాలి. జగదాంబ రోజూ తోటలు చూసి రావాలి. కోడలు వీరవేణి అమలాపురం స్కూల్లో పాఠాలు చెప్పి రావాలి. ఏ బండి కొనాలన్న దగ్గరే ఇల్లు మూడు పార్టీలైంది. ప్రసాద్ జీపు అన్నాడు. "జీపు ఎక్కాలంటే నన్ను ఇద్దరు పైకెత్తాలి. నేనేమన్నా కాయల బస్తానా?" అంది జగదాంబ. వీరవేణి ఫియట్ అంది, తనూ నేర్చుకుని నడపొచ్చని. "ఫియట్ దీన్ని లాగదు, ఇదే ఫియట్‌ని కాలవలోకి లాగుద్ది" అన్నాడు ప్రసాద్. జగదాంబ మాత్రం అంబాసిడర్ అంటే అంబాసిడరే. ఇంటిల్లిపాదీ పడతారు, మోకాళ్ల నొప్పులున్నా కూర్చోవచ్చు, గట్టి ఇనుము అంటుంది.

రాజమండ్రిలో ఆవిడ తమ్ముడు గున్నేశ్వరరావు తన అంబాసిడర్ అమ్మకానికి పెట్టాడు. "నాలుగు రోజులు ఉంచుకుని చూసుకో అక్కా. వెనక కొక్కెం బిగించుకోండి, నచ్చకపోతే విప్పేసి పంపెయ్యండి" అన్నాడు. ఆ నాలుగు రోజులూ అయిపోవచ్చాయి. మర్నాడు పొద్దున్నే డ్రైవరు వస్తాడు. రావులపాలెంలో జీపు అమ్మేవాడు కూడా మర్నాటి దాకే ఆగుతానన్నాడు. ఏది ఇంట్లో ఉండాలో ఆ రోజే తేలాలి.

"ఎక్కించడానికి ఇలాగే వీలుగా ఉందమ్మా" అన్నాడు ప్రసాద్ తాడు లాగుతూ. కారు ముక్కు ట్రైలరు వెనక వైపుకి ఉంది. ఇంజను భాగం అంబాసిడర్ వైపుకి ఉంది.

"వీలు సంగతి తర్వాత. మొదటిసారి సొంతంగా గుమ్మం దాటే బండి వెనక్కి తిరిగి పోతుందా? దేవుడి రథమైనా, పెళ్లికొడుకు కారైనా ముఖం ముందుకి పెట్టే కదిలేది. దాని ముక్కుకి నేను పసుపూ కుంకం పెట్టింది దారిన పోయే కుక్కలు చూడ్డానికా? తిప్పు."

పక్కనే ఉన్న లోవరాజు తల గోక్కున్నాడు. జగదాంబ దగ్గర ఇరవై రెండేళ్లు ఎడ్లబండి తోలి, ఇప్పుడు కొట్టు దగ్గర కాయలు చూసుకుంటున్న ముసలివాడు. "అమ్మగారండీ, మరి ఇంజను ఎనక్కెళ్తే..." అని ఏదో అనబోయాడు.

"నువ్వు తాడు పట్టు లోవరాజూ" అంది జగదాంబ.

అమ్మ మాట కాదనడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. నలుగురు కూలీలు పట్టి కారుని దించి, తిప్పి, ముక్కు ముందుకి వచ్చేలా ఎక్కించారు. జగదాంబ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ప్రసాద్ స్టీరింగు ముందు, వీరవేణి పక్కన కూర్చుని, ఎలా లాగుతుందో చూడ్డానికి రావులపాలెం వైపు బయల్దేరారు.

కొత్తపేట దాకా అంబాసిడర్ బాగానే లాగింది. ఆ తర్వాత కాలవ పక్కన రోడ్డు ఖాళీగా కనిపించేసరికి ప్రసాద్ కాస్త వేగం పెంచాడు. ముల్లు యాభై దాటగానే వెనక ట్రైలరు మెల్లగా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కితే ఊపు ఇంకా పెరిగింది. చూస్తుండగానే అది అంబాసిడర్ తోక పట్టుకుని రోడ్డుకి ఆ చివర నించి ఈ చివరకి విసిరింది. వీరవేణి కెవ్వుమంది. బండి ఆగేసరికి ట్రైలరు చక్రం ఒకటి కాలవ గట్టు అంచున గడ్డి మీద ఉంది. కింద నీళ్లు నిండుగా పారుతున్నాయి. తర్వాత ఎడ్లబండి నడకన ఇంటికి వచ్చారు.

పెరట్లోకి రాగానే ప్రసాద్ తలుపు గట్టిగా వేసి దిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మావయ్యకి ఫోన్ చేసి చెప్పమ్మా, కారు పట్టుకుపొమ్మని. ఇది పనికిరాదు. సాయంత్రం వెళ్లి జీపు తెచ్చేస్తాను."

"ఏమైందిరా?"

"ఇంకొంచెంలో ఇద్దరం కాలవలో ఉండేవాళ్లం, అదీ అయింది. అంబాసిడర్ అన్నావు, అంబాసిడరే తెచ్చావు. నలుగురూ చూసి జగదాంబ గారు కారులో వచ్చారనుకోవాలి, అంతేగా నీకు?"

కాయలు ఒలిచేవాళ్లు చేతులాపి చూస్తున్నారు. జగదాంబ మొహం గట్టిపడింది. "కారు తప్పా, తోలేవాడి తప్పా అది చూసుకో ముందు. బరువు లాగడం ఎలాగో నాకు నువ్వు చెప్పక్కర్లేదు."

"నీకు తెలీదమ్మా! ఇదేం కొబ్బరికాయల బండి కాదు."

ఆ మాట అన్నాక ప్రసాద్‌కే ఎలాగో అనిపించింది. కానీ అప్పటికే నోరు జారింది.

భర్త పోయినప్పుడు ప్రసాద్‌కి ఆరేళ్లు. వీధిలోకి ఎప్పుడూ రాని మనిషి, కొడుకుని చంకనేసుకుని తోటల వెంట తిరిగింది. బండి పక్కన నడుచుకుంటూ కాయలు మార్కెట్టుకి చేర్చింది. ఆడదానికి కాయల బండ్లేంటని ఊరంతా నవ్వినప్పుడు లెక్కచెయ్యలేదు. ఆ బండ్ల మీదే కాకినాడ ఫీజులు కట్టింది. ఈ రోజు అదే మాట కొడుకు నోట్లోంచి చులకనగా వస్తే ఎక్కడో కలుక్కుమంది. ఆవిడ కొట్టులోకి వెళ్లి, గోడ వైపు తిరిగి కూర్చుంది. అంబాజీపేటకి ఆ పూట టైము తెలీకుండా గడిచింది.

కాసేపటికి వీరవేణి మంచినీళ్ల గ్లాసు తీసుకుని వెళ్లింది.

"అత్తయ్యా, ఆయన భయపడిపోయి అన్నారండి. ఆ మాట మనసులో పెట్టుకోకండి."

"వాడు భయపడ్డాడని తెలుసమ్మాయ్. కొబ్బరికాయల బండి అంటే వాడికి నామోషీ అని ఇవాళే తెలిసింది."

"నామోషీ కాదండి." వీరవేణి పక్కన కూర్చుంది. "మీరు ఉండుంటే మీకూ భయం వేసేది. మన కారు వెనక చక్రాలు నేలని పట్టుకోనట్టే అయిపోయిందండి. వెనక నించి ఎవరో పైకెత్తి, అటూ ఇటూ ఊపుతున్నట్టు."

జగదాంబ తల తిప్పింది. "పైకెత్తినట్టా?"

"అవునండి."

"ఊపు ముందు మెల్లగా మొదలై, ఆపబోతే హెచ్చిందా?"

"అవునండి. మీకెలా తెలుసు?"

జగదాంబ లేచింది. పమిట చెంగు నడుముకి దోపుకుని పెరట్లోకి నడిచింది. "లోవరాజూ, ఈ ట్రైలరు కొక్కెం ఊడదియ్యి" అంది.

కొక్కెం ఊడింది. ట్రైలరుకి ముందు పొడుగ్గా సాగిన ఇనప కమ్మీని ఆవిడ చూసింది. బండికైతే దాన్ని నొగ అంటారు. దాని చివరే కాడి కట్టి ఎడ్ల మెడ మీద పెడతారు. జగదాంబ వంగి, అరవై ఏళ్ల చేత్తో, ఒక్క చేత్తో దాన్ని పట్టుకుంది. అది దూదిలా లేచి వచ్చింది. వదిలేస్తే ముందుభాగం గాలిలోనే ఉండి, ట్రైలరు వెనక్కి ఒరిగింది.

"చూశావా లోవరాజూ?"

"ఆయ్, చూత్తన్నానండి. బరువంతా ఎనకుంది. బండైతే ఈపాటికి కాడి లేచిపోయి ఎద్దుల గొంతు పట్టేసుద్దండి. పొద్దున్న అదే సెప్పబోయానండి, మీరు తాడు పట్టమన్నారు."

జగదాంబ మళ్లీ ఓసారి నొగని కిందికి నొక్కి వదిలింది. తప్పు ఒప్పుకోవడం ఆవిడకి కొత్త. తిట్టడంలో ఉన్నంత అనుభవం అందులో లేదు.

"ప్రసాదూ, ఇలా రా" అని పిలిచింది. షెడ్డులోంచి వచ్చిన కొడుకు దగ్గర గొంతు తగ్గించకుండా, కూలీలందరూ వినేలాగే చెప్పింది. "తప్పు నాదిరా. కారుది కాదు, నీదీ కాదు. పొద్దున్న నువ్వు ఇంజను ముందుకి పెట్టావు. ముఖం ముందుండాలని నేనే తిప్పించాను. ఇరవై రెండేళ్లు బండ్లకి కాయలు కట్టించినదాన్ని, పసుపు కుంకం చూసుకున్నాను గానీ బరువు చూసుకోలేదు. మీ ఇద్దరికీ ఏమన్నా అయ్యుంటే..."

ప్రసాద్ ట్రైలరు వైపు చూశాడు. ముందుకొచ్చి కమ్మీ ఎత్తి చూశాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. ఇంజన్ల గురించి అతనికి తెలియనిది లేదు. కానీ బరువు ఇరుసుకి ఎటు పక్క ఉండాలో అతనికి ఏ క్లాసులోనూ చెప్పలేదు.

"ఎంత బరువుండాలమ్మా నొగ మీద?" అన్నాడు చివరికి, చిన్న పిల్లాడిలా.

"ఒలిచిన కాయలు వంద. అంతకు తగ్గితే ఎద్దు గొంతు పోతుంది, హెచ్చితే మెడ పోతుంది. మీ నాన్న పోయిన ఏడాది లోవరాజు చెప్పాడు, నేను నేర్చుకున్నాను."

రేసు కారుని మళ్లీ దించి, ఇంజను ముందుకి తిప్పి ఎక్కించారు. లోవరాజు గోనెలో వంద కాయలు కట్టి తెచ్చాడు. జగదాంబ లోవరాజు సాయంతో ఓసారి కాయల గోనె, ఓసారి నొగ ఎత్తి చూసి, "ఇంకో జానెడు ముందుకి" అంది. జానెడు జరిపారు. మళ్లీ ఎత్తి, "చాలు" అంది. ప్రసాద్ చక్రాల దగ్గర గుర్తులు పెట్టుకున్నాడు. ఇంజనీరు గుర్తులు పెట్టుకుంటుంటే చూడ్డానికి కూలీలకి భలే సరదాగా ఉంది.

"పద" అని జగదాంబ అంబాసిడర్ వెనక సీటులో కూర్చుంది.

"నువ్వెందుకమ్మా? నేను చూసొస్తాగా."

"నా తప్పుకి నా కోడలు కాలవ అంచు దాకా వెళ్లొచ్చింది. ఈసారి ముందు నేనే వెళ్లాలి. తోలు."

అదే రోడ్డు, అదే కాలవ. యాభై దాటింది, అరవై అయింది. ప్రసాద్ చేతులు స్టీరింగుని బిగించి పట్టుకునే ఉన్నాయి. వెనక ట్రైలరు పెంపుడు ఆవులా వెంట వచ్చింది. అరవై అయిదు దగ్గర జగదాంబ, "చాలురా, మద్రాసు ఈ పూటే వెళ్లక్కర్లేదు" అంది. ప్రసాద్ బండి పక్కకి ఆపి, స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. ఆవిడ వెనక సీటులోంచి చెయ్యి చాపి అతని జుట్టు నిమిరింది.

"నేనన్న మాట..."

"విన్నాను. ఇంక వద్దులే. మావయ్యకి చెబుదాం, కారు మనదేనని."

రేసుకి ముందు రోజు ఆ అంబాసిడర్ బెజవాడ, నెల్లూరు దాటుకుని షోలవరం చేరింది. లోపల ప్రసాద్, వీరవేణి, జగదాంబ, రెండు డబ్బాల పూతరేకులు ఉన్నాయి. పెద్ద పెద్ద మద్రాసు వాళ్లు కొందరు లారీల్లో, కొందరు జీపుల వెనక ట్రైలర్లతో కార్లు తెచ్చుకున్నారు. తెల్ల టోపీ పెట్టుకున్న ఒకాయన వీళ్ల ట్రైలరు చుట్టూ తిరిగి చూశాడు. నెల్లూరు నించి కారు తెచ్చుకుంటుంటే గూడూరు దాటాక తమ ట్రైలరు ఊగిపోయిందని, ముప్పైకి మించకుండా వచ్చామని చెప్పాడు. వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"నాయుడుపేట దగ్గర మీ కారు మమ్మల్ని దాటింది. అంబాసిడర్ సార్, అంత స్పీడులో ఒక్క ఊపు లేదు. ఎవరు సెట్ చేసినారు ఇది? మీ ఇంజనీరు ఎవరు?"

చుట్టూ పది పన్నెండు మంది చేరారు. ఇంగ్లీషు, అరవం కలిసి వినిపిస్తున్నాయి. జగదాంబ ఇవన్నీ మనకెందుకన్నట్టు చీర సర్దుకుని కొంచెం పక్కకి జరిగింది. ప్రసాద్ ఆవిడ చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చాడు.

"మా అమ్మగారండి. ఇరవై రెండేళ్లు కొబ్బరికాయల బండ్లు నడిపారు. ఈ కారు ఆవిడే ఎంచారు, ఈ బరువూ ఆవిడే సర్దారు." అందరికీ వినపడేలా, అదే మాట ఇంకోసారి ఇంగ్లీషులో కూడా చెప్పాడు.

"తోలింది మా లోవరాజండి" అంది జగదాంబ కంగారుగా. "నేను కాయలు కట్టించేదాన్ని, అంతే." ఆవిడ కళ్లలో నీళ్లు నిండాయి.

టోపీ ఆయన రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మాది కూడా ఒక్కసారి చూస్తారా?"

జగదాంబ కొడుకు వైపు చూసింది. ప్రసాద్ తల ఊపాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, పమిట చెంగు నడుముకి దోపి, ఆ పరాయి ట్రైలరు నొగ ఒక్క చేత్తో పట్టుకుని ఎత్తింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆవిడ ఏమంటుందోనని ఎదురుచూశారు.

"తిప్పండి నాయనా" అంది.

ప్రాక్టీసుకి పేర్లు పిలుస్తున్నారని వీరవేణి భర్త భుజం తట్టింది. ప్రసాద్‌కి వినిపించింది. అయినా అతను కదల్లేదు. ఆ మద్రాసు ఇంజనీర్లందరి మధ్య నిలబడి కేకలేస్తూ పని చేయిస్తున్న అమ్మని చూస్తూ అక్కడే నిలబడ్డాడు.