వణుకాసురి చిటికెనవేలికి బొంత

మన ఊళ్ళకు అటువైపు, మన తాతల కాలానికి కాస్త అవతల, గాలిగట్టు అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో నలభై రోజులుగా ఎవరూ కన్ను మూయలేదు. ఎప్పుడు కూయాలో తెలియక కోళ్ళు కూయడమే మానేశాయి. గుడ్లగూబలు మాత్రం తోడు దొరికిందని సంబరపడి పగలు కూడా మేలుకోవడం మొదలుపెట్టాయి. దీనికంతటికీ కారణం బుల్లి యువరాజు ఏడుపు. ఆ ఏడుపుకి కోట పెంకులు ఒక్కొక్కటీ లేచి వెళ్ళి పక్క రాజ్యంలో పడేవి. పక్క రాజు వాటితో మూడు ఇళ్ళు కప్పించుకున్నాడు కూడా.

ఏడుపుకి కారణం తండ్రి గజపాల మహారాజు. ఆయనకు కొత్తవంటేనే ఇష్టం. యువరాజు పుట్టిన రోజు మంత్రసాని ఆనవాయితీ ప్రకారం పాత నూలుచీర ముక్క తెచ్చింది. పెద్దవాళ్ళు కట్టి, ఉతికి, మెత్తబరిచిన గుడ్డే పురిటిబిడ్డకు మొదట చుట్టాలి. రాజు కళ్ళెర్రజేసి, "నా కొడుక్కి పాతగుడ్డా?" అని బిడ్డకు జరీపట్టు చుట్టించాడు. జరీ గుచ్చుకుంది. బిడ్డ ఏడ్చాడు. రాజ్యంలోని పాతబట్టల గాలి తగిలి ఏడుస్తున్నాడని రాజు తేల్చి, ఇంటింటా ఉన్న పాతగుడ్డలన్నీ బండ్లకెత్తించి మంచులోయలో పారబోయించాడు.

ఆ లోయలో వణుకాసురి అనే రాక్షసి ఉంది. పుట్టినప్పటి నుంచీ దానికి చలి. గుడ్డలన్నీ పోగేసి మీద కప్పుకుంది. దాని ఒంటిని తాకగానే గుడ్డలు గడ్డకట్టాయి. గుడ్డల్లో దాగిన జ్ఞాపకాలు కూడా గడ్డకట్టాయి. దాంతో ఆ గుడ్డలు కట్టినవాళ్ళు జనానికి ఒక్కొక్కరుగా గుర్తులేకుండా పోయారు. రాణిగారు తన తల్లి పాడిన జోలపాటే మరిచిపోయింది. ఇంక యువరాజును ఊరుకోబెట్టేదెవరు?

కొండవార గ్రామంలో బొంతలు కుట్టే నూకాలమ్మకు వచ్చిన కష్టం ఇంకా పెద్దది. ఆమెకు ఒక చెక్కపెట్టె ఉండేది. నలభై ఏళ్ళుగా ఇంట్లో చిరిగిన ప్రతి చీరా, పంచే, రవికా అందులోనే చేరేవి. ఎండకాసినప్పుడు వాటిని అరుగుమీద పరిచి బొంత కుట్టేది. కుట్టడానికి ఒక పద్ధతి ఉంది. అతుకు పెట్టేముందు ఆ గుడ్డ ఎవరిదో, ఏం జరిగిందో చెప్పి అప్పుడే సూది గుచ్చాలి. "పేరు చెప్పని అతుకు నిలవదే గుంటా" అనేది. మనవరాలు పైడి పక్కన పడుకుని వినేది. పదకొండేళ్ళ పైడికి తల్లి గుర్తులేదు, పెంచిందంతా అమ్మమ్మే. ఆ కథల మధ్య పైడి చేసిన అల్లరికి లెక్కలేదు. ఒకసారి అమ్మమ్మ చూడకుండా బొంత అంచుకి మేకతోక కలిపి కుట్టేసింది. ఆ మేక మూడు వీధులు బొంత కప్పుకుని ఊరేగింది. చలి తగ్గిందని దానికి అభ్యంతరం కూడా లేదు.

భటులు పెట్టె ఎత్తుకుపోయిన మర్నాడు నూకాలమ్మ తన చెల్లెల్ని మరిచిపోయింది. తర్వాత రోజు మొగుణ్ణి. రోజుకో మనిషి చొప్పున పోయి, ఆరోరోజుకి ఆమెకు మిగిలిన పేరు ఒక్క పైడిదే. గుడ్డలు పోయినా, విన్న కథలు పైడికి మాత్రం గుర్తున్నాయి.

"ఒలే పైడీ, ఈ ఇల్లు ఎవులిదే?" అని అడిగింది.

"మనదే అమ్మమ్మా."

"మనం ఇద్దరిమేనా?"

పైడి అమ్మమ్మ తలగడ సవరించింది. లోపల ఏవో గుడ్డలు తగిలాయి. భటులు పెట్టె చూశారు గానీ తలగడ విప్పలేదు. మూడు ముక్కలు దొరికాయి: తాత ఎర్ర తలపాగా, చిన్నమ్మమ్మ పచ్చచీర చెంగు, నీలిచారల చిన్న తెల్లముక్క. తాతవీ, చిన్నమ్మమ్మవీ మిగతా గుడ్డలన్నీ పెట్టెతోనే పోయాయి. మూడోదాని కథ పైడికి తెలియదు. అమ్మమ్మ దాన్ని ఎప్పుడూ చివరికే ఉంచి, గొంతు తగ్గించి చెప్పేది. అప్పటికి పైడి గురకపెట్టేది.

"పెట్టె తెస్తాను. నన్ను మరిచిపోకు అమ్మమ్మా. మరిచిపోయావంటే నీ ఆవకాయజాడీలో కప్పని వేస్తాను" అని బెదిరించి, మూడు ముక్కలూ నడుముకి చుట్టుకుని పైడి మంచులోయకి బయలుదేరింది. దారికి పనికొస్తాయనుకుంది. ఆ చిన్న పనిలోనే పెద్ద పొరపాటు చేసిందని అప్పుడు తెలియలేదు.

మొదట ముళ్ళడవి వచ్చింది. అక్కడి ముళ్ళు ఎంత వాడి అంటే, వాటి నీడ గుచ్చుకున్నా రక్తం వచ్చేది. దారికి అడ్డంగా ఏనుగంత ముళ్ళపంది కూర్చుని ఉంది.

"ఆగు. ఏదైనా మెత్తటిది ఇచ్చి, దాని కథ చెబితేనే వదులుతాను. నన్ను ముట్టుకున్నవాళ్ళు ఇంతవరకు లేరు. వినైనా ఆనందిస్తాను" అంది.

పైడి తలపాగా తీసి, అలవాటుగా ఒక కోత కోసింది. "ఇది మా తాతది. ఈ తలపాగా కట్టుకుని ఏడుగురు చక్రవర్తుల్ని ఒంటిచేత్తో ఓడించాడు."

ముళ్ళపొదలు గిర్రున తిరిగి ఆమె చుట్టూ బిగుసుకున్నాయి. ముళ్ళపంది ఆవలించింది. "అబద్ధం చెబితే అడవికి ఆకలేస్తుంది. నాదేం లేదు."

"చెప్తాను, చెప్తాను! మా తాతకి దూడంటే భయం. ఆవు కాదు, దూడ. అది తరిమితే తాటిచెట్టెక్కి సాయంత్రందాకా దిగలేదు. అమ్మమ్మ కిందనుంచి బతిమాలి బతిమాలి, చివరికి దూడకి కుడితిపెట్టి అవతలికి తీసుకుపోతే, ఈ తలపాగాని కొమ్మకి కట్టుకుని జారాడు. ఆవేళ నుంచీ ఆ దూడ మా ఇంట్లోనే పెరిగింది. తాత పోయిననాడు అది గడ్డి ముట్టలేదు."

ముళ్ళు విడిపోయాయి. పైడి తలపాగాని సగానికి చింపి ముళ్ళపంది మెడకి చుట్టింది. దాని కళ్ళు తడిశాయి. తన ఒంటినుంచి ఒక ముల్లు పీకి ఇస్తూ, "ఇది సూదిగా ఉంచుకో. రాతినైనా కుడుతుంది. కానీ తెలియని గుడ్డలో మాత్రం దిగదు" అంది.

అడవి దాటితే నది. నదిలో ఒంటికాలిమీద ఒక ముని తపస్సు చేస్తున్నాడు. ఎన్నాళ్ళుగా చేస్తున్నాడంటే, ఆయన మొదలుపెట్టినప్పుడు అక్కడ నది లేదు. ఆయన గడ్డం ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా పరుచుకుంది. పడిశం పట్టి తుమ్మినప్పుడల్లా నదికి వరద వస్తోంది.

"తల్లీ, తుడుచుకోవడానికి ఒక గుడ్డ ఉందా?" అన్నాడు.

"ఉంది స్వామీ. ముక్కుకి కాస్త మర్యాదగా వాడాలి. ఇది మా చిన్నమ్మమ్మ చెంగు. ఎవరింట పెళ్ళికి వెళ్ళినా నాకోసం బూందీ ఈ చెంగున ముడివేసి తెచ్చేది. దారిలో చీమలు పట్టేవి. చీమల్ని దులిపి నేను తినేదాన్ని. నాకంటే ముందు తిన్న చీమలేవో ముఖం చూసి చెప్పేదాన్ని. ఆమె చివరిసారి వచ్చినప్పుడు నడవలేకపోయింది. ముడి మాత్రం వేసుకొచ్చింది. ఈ నూనెమరక అదే."

ముని ఆ మరకని వేలితో తడిమాడు. "మా అమ్మ చెంగున అటుకులు ఉండేవి. చెప్పకుండా వచ్చేశాను" అన్నాడు. తర్వాత గడ్డంనుంచి పొడుగాటి వెంట్రుక తీసి ఇచ్చి, "ఇది తెగని దారం. నా గడ్డం మీంచి నడిచి వెళ్ళు. చక్కిలిగిలి పెట్టకు" అన్నాడు. పైడి చెంగులో సగం ఆయనకిచ్చి గడ్డం ఎక్కింది. చక్కిలిగిలి పెట్టకుండా ఉండాలని ఆమె మనస్ఫూర్తిగానే ప్రయత్నించింది. కానీ సగంలో కాలివేలు దానంతటదే కదిలింది. ముని నవ్విన నవ్వుకి ఆమె ఎగిరి సరాసరి మంచులోయలోనే పడింది.

వణుకాసురి కొండంత ఉంది. దానిమీద గుడ్డల కొండ మరొకటి. అది వణికితే లోయ అంతా పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు. ఆ గుట్టలో ఒక పక్కన అమ్మమ్మ చెక్కపెట్టె కనిపించింది.

"ఎవరది? తినేస్తాను!" అంది రాక్షసి.

"తిను. కానీ నేను చల్లగా ఉన్నాను. తింటే నీకు ఇంకా చలేస్తుంది."

రాక్షసి ఆలోచనలో పడింది. "నిజమే. రాజ్యమంత గుడ్డ కప్పుకున్నాను. అయినా చలి ఎందుకు పోవడంలేదు?"

"ఇవన్నీ పరాయివాళ్ళవి. నీవాళ్ళది ఒక్కటీ లేదు. పైగా పోగేశావు గానీ కుట్టలేదు. బొంత అవ్వకపోతే గుడ్డ ఎంతున్నా గుట్టే. నేను కుట్టిస్తాను. మా గుడ్డలు మాకు ఇచ్చేస్తావా?"

"నా అంత బొంతా? ఎన్నాళ్ళు పడుతుంది?"

పైడి జానతో దాని పాదం కొలిచి, వేళ్ళమీద లెక్కపెట్టింది. "మూడువందల ఏళ్ళు. మధ్యలో భోజనానికి లేస్తే ఇంకో నలభై. అంత వద్దులే. పాదాలు వెచ్చగా ఉంటే ఒళ్ళంతా వెచ్చనే అంటుంది మా అమ్మమ్మ. నీ ఎడమకాలి చిటికెనవేలికి కుడతాను. నీవాళ్ళ గుడ్డ ఏదైనా ఉందా?"

"నాకెవరూ లేరు."

"మరి ఆ పిడికిలి ఎందుకు బిగించావు?"

రాక్షసి తన ఎడమచేతిని అప్పుడే చూస్తున్నట్టు చూసుకుంది. ఆ వేళ్ళు చిన్నప్పటి నుంచీ విప్పలేదు. పైడి ఒక్కొక్క వేలినీ రెండు చేతులతో లాగి విప్పింది. అరచేతిలో చాపంత గోధుమరంగు గుడ్డపేలిక నలిగి ఉంది.

"మా అమ్మది" అంది వణుకాసురి. దాని గొంతు ఒక్కసారిగా చిన్నపిల్లదైపోయింది. "తుఫానులో చెంగు పట్టుకున్నాను. చెంగు చిరిగింది. అమ్మ కనబడలేదు. ఇది నా చేతిలో ఉండిపోయింది."

పైడి ఆ పేలికని మధ్యలో పరిచి, "ఇది వణుకాసురి అమ్మది" అని సూది గుచ్చింది. దూడ కథ చెప్పి తలపాగా అతికింది. బూందీ కథ చెప్పి పచ్చచెంగు అతికింది. రాక్షసి దూడ దగ్గర నవ్వి, చీమల దగ్గర ఏడ్చింది. ఇంకో పక్క ఖాళీగా ఉంది. నడుమున నీలిచారల ముక్క ఒక్కటే మిగిలింది.

సూది దిగలేదు.

నాలుక చివర అబద్ధాలు బారులు తీరి నిలబడ్డాయి. మహారాణిది అనొచ్చు, అప్సరసది అనొచ్చు. పైడి వాటిని మింగేసింది. "ఇది ఎవరిదో నాకు తెల్దు. అమ్మమ్మ చెప్పింది. నేను నిద్రపోయాను" అంది. ఆ మాట చెప్పేటప్పుడు, అమ్మమ్మ ఆ ముక్కని చేత్తో నిమిరి నిమిరి మడతపెట్టడం కళ్ళకు కట్టింది. దాన్ని భద్రంగా నడుముకి దోపుకుని, చిరిగి వేలాడుతున్న తన లంగా అంచుని పూర్తిగా చింపింది. "ఇది పైడిది. ముని గడ్డంమీంచి ఎగిరిపడినప్పుడు చిరిగింది." సూది వెన్నలో దిగినట్టు దిగింది.

చిటికెనవేలికి బొంత చుట్టగానే వేలు ఎర్రబడింది. వెచ్చదనం పాదానికి, మోకాలికి, గుండెకి ఎక్కింది. వణుకాసురి హాయిగా ఒక్క నిట్టూర్పు విడిచింది. దానికి లోయలో మంచంతా కరిగి, గుడ్డలమీది గడ్డ విడిపోయింది. "మీవి మీరు తీసుకోండి. నాది నాకుంది" అని, గుట్టంతా మూటగట్టి, మూటమీద పైడిని కూర్చోబెట్టుకుని, మూడంగల్లో కోటకి చేరింది.

రాణిగారు పరుగున వచ్చి మూటలోంచి తన తల్లి నూలుచీర లాగి, బిడ్డకు చుట్టి, జోల అందుకుంది. రెండో చరణానికి యువరాజు నిద్రపోయాడు. ఆ వెంటనే రాజ్యమంతా నిద్రపోయింది. గజపాలుడు, "తప్పు నాదే. అమ్మాయీ, నీకు అర్ధరాజ్యం..." అని మొదలుపెట్టి అక్కడే గురకపెట్టాడు.

"వద్దులెండి. మా పెట్టెలో పట్టదు" అని చెప్పి పైడి అమ్మమ్మ పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికి పరిగెత్తింది.

నూకాలమ్మ మాత్రం నిద్రపోకుండా అరుగుమీద కూర్చుని ఉంది. పెట్టె చూడగానే ముఖం వెలిగింది. ఒక్కో గుడ్డా తీస్తూ చెల్లెల్ని, మొగుణ్ణి, దూడని, బొంత కప్పుకున్న మేకని కూడా పేరుపెట్టి పిలిచింది. తర్వాత తలెత్తి, "శానా సాయం సేసావమ్మా. ఎవులమ్మాయివి?" అని అడిగింది.

పైడి నవ్వబోయింది. అమ్మమ్మ వేళాకోళం ఆడటంలేదు. అప్పుడు అర్థమైంది. ఆరురోజులూ తన పేరొక్కటే ఎందుకు మిగిలిందో, తలగడలోంచి తను ఏం తీసుకుపోయిందో. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, ముక్కు కారింది. ఏం చేస్తోందో తెలియకుండా నడుమునుంచి ముక్క తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

నూకాలమ్మ చెయ్యి గద్దలా వచ్చి దాన్ని లాక్కుంది. "సిగ్గులేదేటే! దాంతోనా సీమిడి తుడుస్తావు? అది మా పైడిది!" అని, ఆ గుడ్డని ముఖానికి ఆనించుకుని, ఆగిపోయి, మనవరాలి వైపు చూసింది. "ఒలే పైడీ! ఎక్కడికెళ్ళావే ఇన్నాళ్ళూ? ఆ లంగా ఏటి అలా సిరిగింది?"

లంగా సంగతి చెప్పడానికి పైడికి కాస్త సమయం పట్టింది. ముందు ఆ ఒళ్ళో తలపెట్టుకుని ఏడవాల్సి వచ్చింది.

ఎండ వెచ్చగా ఉంది. అమ్మమ్మ గుడ్డలన్నీ అరుగుమీద పరిచి కొత్త బొంత మొదలుపెట్టింది. నడిమధ్యకి నీలిచారల ముక్క పెట్టి, గొంతు తగ్గించింది. "ఇది మీ అమ్మ సీర. మంచిసీర అదొక్కటే ఉండేది. నువ్వు పుట్టిననాడు మెత్తటి గుడ్డ కోసం నేను ఇల్లంతా ఎతుకుతుంటే, మీ అమ్మ పడుకున్నకాడే సెంగు సర్రున సింపి నిన్ను సుట్టేసింది. తిడతానని భయపడి, 'ఎలక కొరికిందే అమ్మా' అంది. పురిటిమంచం మీద ఎలక ఏటే అంటే, 'పెద్ద ఎలక' అని నిన్ను సూపించి నవ్వింది. నీ అల్లరి ఎక్కడిదనుకున్నావు?"

పైడి నిద్రపోలేదు. ముళ్ళసూదికి దారం ఎక్కించి, ఆ ముక్క అంచున గుచ్చింది.

"ఇది మా అమ్మది" అంది. సూది దిగింది.