డ్రైవరు గారికి పెన్షన్ పెరిగింది

రెండేళ్ళ కిందట పెన్షన్ ఆఫీసు క్యూలో డ్రైవరు గారు తన ముందు దూరారని మిషనమ్మ అందరి ఎదుటా కడిగి పారేసింది. ఆయన మంచినీళ్ళకు వెళ్ళి తన చోటికే తిరిగొచ్చారని తరవాత తెలిసింది. అప్పటికే అనాల్సినవన్నీ అనేసింది.

"ఏమనుకోకండి" అంది తల దించుకుని.

"ముప్ఫయ్యేళ్ళు సిటీ బస్సు నడిపానండీ. తిట్లు నాకు కొత్త కాదు. మీవి కాస్త శుభ్రంగా ఉన్నాయి."

ఆమెకు నవ్వాగలేదు.

ఆయనది సొంత పెన్షన్. ఆమెది, లైన్‌మన్‌గా పనిచేస్తూ పోయిన భర్త తాలూకుది. అది చాలక బట్టలు కుట్టేది. అందుకే వీధంతా మిషనమ్మ అనేవారు. నెలనెలా క్యూలో ఇద్దరూ మాట్లాడుకునేది నూనె ధర, మందుల ధర, ఇంటద్దె గురించే. అయినా ఆ రోజుకని ఆమె ఒక మంచి చీర విడిగా తీసి ఉంచేది.

ఈమధ్య పెన్షన్లు పెంచుతున్నట్టు ప్రకటించారు. ఆ నెల ఇద్దరూ క్యూలో నిలబడ్డ ఆఫీసు వరండాలోకి వాన జల్లు కొడుతోంది.

"పెరిగిందంతా గ్యాసు బండకే సరి" అంది మిషనమ్మ.

డ్రైవరు గారు నవ్వలేదు. "ఒక మాట అడుగుతాను. మనం పెళ్ళి చేసుకుందామా?"

ఆమె ఒకడుగు వెనక్కి వేసి, పక్కనున్న స్తంభం పట్టుకుంది.

"మీకు మతి గానీ పోయిందా? పెళ్ళి చేసుకుంటే నా పెన్షన్ ఆగిపోతుంది."

"తెలుసు. నా ఒక్కడి పెన్షన్‌తో ఇద్దరం బతకలేమనే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు బొటాబొటీగా సరిపోతుంది."

మిషనమ్మ వానలోనే ఇంటికి నడిచింది. తడిసి ముద్దయిన తల్లిని చూసి, నర్సు ఉద్యోగం చేసే కూతురు తువ్వాలు అందించింది. సంగతి వింటే మండిపడుతుందనుకుంది మిషనమ్మ.

"అడిగేశారా? పెన్షన్ పెరిగేదాకా ఆగుతానన్నారు" అంది కూతురు తాపీగా.

మిషనమ్మ చేతిలో తువ్వాలు జారిపోయింది. "నీకు తెలుసా?"

"ఆర్నెల్లుగా. బీపీ చూపించుకునే వంకతో మా ఆసుపత్రికొచ్చి అడిగారు. అమ్మకి ఇష్టమైతే నాకూ ఇష్టమే అన్నాను. ఆ రోజు ఆయనకి బీపీ నిజంగానే ఎక్కువుంది."

"నా చేతిలో నాదంటూ నాలుగు డబ్బులు లేకపోతే ఎలాగే?"

"నీ మిషన్ ఎవరూ లాక్కోరుగా. అది సరే, ఆయనంటే నీకిష్టమేనా?"

మిషనమ్మ తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుతూ, "ఆ మాట ఆయన నన్నడగలేదు చూడు" అంది. చెంపలు మాత్రం వేడెక్కాయి.

వారం తరవాత పెన్షన్ ఆఫీసులో గుమస్తా తలెత్తకుండానే, "పెంపు సంగతేనా? వచ్చే నెల పడుతుందమ్మా" అన్నాడు.

"కాదు బాబూ. నా పెన్షన్ ఆపించాలి."

గుమస్తా కలం ఆగిపోయింది. ఆమె వెనక నిలబడ్డ డ్రైవరు గారిని అనుమానంగా చూశాడు. "ఎవరైనా బలవంతం చేస్తున్నారా అమ్మా? కారణం ఏమని రాయమంటారు?"

"పెళ్ళి."

"ఎవరికి?"

"నాకు" అంది మిషనమ్మ, సంతకానికి కలం ఇమ్మని చెయ్యి చాపుతూ.