మైకులో శశికళ పేరు

1968 జనవరిలో జెండా పండుగ శుక్రవారం వచ్చింది. శనివారం సెలవు పెట్టుకుంటే మూడు రోజులు కలిసొస్తాయని మా ఆయన జనార్దన్, తను పనిచేసే రైస్‌మిల్లు సేటును అడిగి అంబాసిడర్ కారు తెచ్చారు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చి, రెండు రాత్రులు మా బావగారింట్లో ఉండి, ఆదివారం పొద్దున్నే అందరం కలిసి నాగార్జునసాగర్ వెళ్ళాలని అనుకున్నాం.

మా బావ సదాశివ గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో క్లర్కు. ఇల్లు నాంపల్లి స్టేషను వెనక సందులో. రైలు వచ్చిందంటే వంటింట్లో గిన్నెలు సన్నగా మోగేవి. ఆయన భార్య విద్యావతి నాకు తోడికోడలు, కానీ నేను అక్కా అనే పిలిచేదాన్ని. వాళ్ళకు పిల్లలు లేరు. మా శశికళ వస్తే ఇద్దరికీ కాలు నిలిచేది కాదు. శశికి అప్పుడు ఐదు నిండి ఆరు నడుస్తోంది. శనివారం పొద్దున దాన్ని అబిడ్స్ అంతా తిప్పి, సుల్తాన్ బజార్‌లో పసుపుపచ్చ మీద ఎర్ర పువ్వుల గుడ్డ కొన్నారు. మధ్యాహ్నానికల్లా అక్క తన మిషను మీద ఫ్రాకు కుట్టేసింది. శశి వెంటనే తొడుక్కుంది. ఇక విప్పనంది.

సాయంత్రం నడుచుకుంటూ నుమాయిష్‌కు వెళ్ళాం. ఏటా జనవరిలో నాంపల్లి మైదానంలో పెట్టే ఎగ్జిబిషన్ అది. పొద్దు గుంకింది. లైట్ల చుట్టూ దుమ్ము పసుపు పొగలా తేలుతోంది. మిర్చి బజ్జీల నూనె వాసన, అత్తరు వాసన, జనం ఒంటి మీది ఉన్ని బట్టల వాసన. స్తంభాలకు కట్టిన మైకులు ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి ఏవో చెబుతూనే ఉన్నాయి.

పిల్లల రైలు గేటు దగ్గర జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. శశి చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. రెండు ఊపిరులు... మూడు... అంతలో చిన్న చెయ్యి వచ్చి నా వేళ్ళు పట్టుకుంది. వంగి చూశాను. పసుపు ఫ్రాకు, ఎర్ర పువ్వులు. గట్టిగా పట్టుకుని బయటపడ్డాను.

పది నిమిషాలు గడిచాయేమో. మైకు గరగరమంది.

"ఒక పాప తప్పిపోయింది. పేరు శశికళ. మా ఆఫీసుల ఉన్నది. తల్లిదండ్రులు వచ్చి తీస్కపోవాలె."

అక్క నవ్వింది. "జర విను వసూ, మన శశి పేరే."

"గీ ఊళ్ళె శశికళలకేం తక్కువ," అన్నారు బావ.

మళ్ళీ మైకు. "పసుపు ఫ్రాకు, ఎర్ర పువ్వులు. తండ్రి పేరు జనార్దన్ అని చెప్తున్నది. నిజామాబాద్ నుంచి కారుల వచ్చిన్రంట. పెద్దబాపు సదాశివ ఇంట్ల దిగిన్రంట."

ఈసారి ఎవరం నవ్వలేదు.

మా ఆయన శశిని చూశారు. తర్వాత నన్ను చూశారు. "మా ఆఫీసోళ్ళు ఎవరో మజాక్ చేస్తున్రు," అన్నారు బావ. "నడువు జనార్దన్, చూసొద్దాం. మీరు గీడనే ఉండున్రి."

శాలువాల దుకాణం పక్కన నేనూ అక్కా నిలబడ్డాం. మా మధ్యలో శశి. సాయంత్రమంతా అది కావాలి, ఇది కావాలి అని ప్రాణం తీసిన పిల్ల... రైలు గేటు దాటినప్పటినుంచి ఒక్క మాట మాట్లాడలేదని నాకప్పుడే తట్టింది. దాని అరచెయ్యి పొడిగా ఉంది. చల్లగా ఉంది. చలికాలం కదా అనుకున్నాను. కిందికి చూడటానికి మాత్రం ధైర్యం చాలలేదు.

"పొద్దున ఏం తిన్నవ్ బిడ్డా?" అన్నాను మెల్లగా.

"ఉప్మా. సగం నువ్వే తిన్నవ్."

నిజమే. నా మనసు కుదుటపడాలి. పడలేదు.

"బాపు, పెద్దబాపు ఎటు పోయిన్రో తెలుసా?"

"ఔ. నన్ను తేనీకి."

అక్క నా భుజం పట్టుకుంది. దుకాణం ముందు జనం నవ్వుతూ బేరాలాడుతున్నారు. మైకు మళ్ళీ గరగరమంది. "శశికళ పాప తండ్రి వచ్చిండు. తీస్కపోతున్నడు."

నా చేతిలోని వేళ్ళు బిగుసుకున్నాయి. నొప్పి పుట్టేంతగా.

"అమ్మా..." చాలా చిన్న గొంతు. "నన్ను ఇడువకు."

అప్పుడే కనిపించారు మా ఆయన. జనాన్ని తోసుకుంటూ వస్తున్నారు. భుజం మీద శశి. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది, ముక్కు కారుతోంది, పసుపు ఫ్రాకుకు మట్టి అంటింది. నన్ను చూడగానే రెండు చేతులూ చాచి "అమ్మా" అని ఒక్క కేక పెట్టింది.

నా చెయ్యి తెరుచుకుంది. నేనే తెరిచానా, దానంతటదే తెరుచుకుందా... ఇప్పటికీ చెప్పలేను. ముందుకు పరుగెత్తాను. శశిని గుండెకు హత్తుకున్నాను.

తిరిగి చూస్తే అక్క ఒక్కతే నిలబడి ఉంది.

"మరి మీ దగ్గరున్నదెవరు వదినే?" అన్నారు మా ఆయన.

"ఎవరి పిల్లనో... చీకట్ల మనదే అనుకున్నం," అంది అక్క. "పోయింది."

ఇంటికి వచ్చాక, వంటింట్లో నా చెవి దగ్గర మాత్రం చెప్పింది. "జనంల కలిసే ముందు ఒక్కసారి మళ్ళి చూసింది వసూ. ఏడుస్తున్నది."

సాగర్ ఇంకోసారి పోదాం అన్నాను. మగవాళ్ళు కాదనలేదు. తెల్లవారగానే కారు నిజామాబాద్ దారి పట్టింది. శశి దారంతా నా ఒళ్ళోనే నిద్రపోయింది. నేను మాత్రం దాని మొహం చూస్తూ కూర్చున్నాను. అదే ముక్కు. అవే కళ్ళు. చెవి వెనక అదే మచ్చ.

రోజులు గడిచాయి. శశి తింటోంది, ఆడుకుంటోంది, బడికి పోతోంది. పేచీ పెట్టడం మానేసింది, అంతే. భయం కొంచెం కొంచెంగా పోయింది.

ఏప్రిల్ నెలాఖరులో అక్క దగ్గర్నుంచి ఇన్లాండ్ లెటర్ వచ్చింది.

"వసుమతికి, మీ బావకు చెప్పకు. ఆయన ఆఫీసుకు పోయినంక ఆ నుమాయిష్ పిల్ల పట్టపగలు తలుపు కొట్టి పెద్దమ్మా అంటది. పది దినాలు తలుపు తీయలే. తర్వాత నావల్ల కాలేదు. అన్నం పెడితే తింటది. ఆయన వచ్చేలోపు పోతది. యాడికి పోతదో చెప్పదు. అమ్మ నా చెయ్యెందుకు ఇడిచిందని ఒక్కటే అడుగుతది. ఏం చెప్పాలె? మొన్న కింది పన్ను ఊడింది. పేడల చుట్టి ఇంటి మీదికి ఇసిరినం. చానా సంబురపడ్డది."

లెటరు మడిచాను. శశి వసారాలో బొమ్మలు పేర్చుకుంటోంది. పిలిస్తే వెంటనే వచ్చింది. నోరు తెరవమన్నాను. తెరిచింది. పళ్ళన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూశాను. ఒక్కటీ కదల్లేదు.

"ఏందమ్మా?" అంది.

"ఏం లేదు బిడ్డా," అని దాని చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. మండుటెండల్లో కూడా పొడిగా, చల్లగా ఉంది. గోళ్ళు చూశాను. పొట్టిగా, శుభ్రంగా, నిన్ననే తీసినట్టున్నాయి.

జనవరి తర్వాత నేను ఒక్కసారి కూడా ఆ గోళ్ళు తీయలేదు.