వెచ్చబడితే పోయే చప్పుడు

రెండోసారి కూడా మెకానిక్ రేజి అదే మాట చెప్పాడు. "చప్పుడేమీ లేదండీ."

చిహయ చేతులు కట్టుకుని నిలబడింది. ఎదురుగా ఎర్ర కారు బానెట్ ఎత్తుకుని ఉంది. రెండే సీట్లు, పైకప్పు వెనక్కి మడుచుకునే రకం, వయసులో చిహయ కన్నా పెద్దది. ఇంజన్ హాయిగా తిరుగుతోంది. రేజి ఒక రబ్బరు గొట్టం చెవికి ఆనించుకుని, రెండో చివర ఇంజన్ మీద అక్కడా ఇక్కడా పెట్టి, డాక్టరు గుండె చూసినట్టు చూశాడు.

"మీరు సరిగ్గా వినలేదు," అంది.

"అయితే మీరే వినండి." గొట్టం ఆమె చేతికిచ్చాడు.

చిహయ చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంది. కాసేపటికి గొట్టంలోంచి ఒక గొంతు వచ్చింది. "ఏమైనా వినిపిస్తోందా అండీ?" ఉలిక్కిపడి చూస్తే, రెండో చివర రేజి నోటి దగ్గరుంది.

ఇంకో రోజైతే ఆమె నవ్వేదే. ఇవాళ నవ్వలేదు. గొట్టం బెంచీ మీద పెట్టేసి, సంగతి మొత్తం చెప్పింది.

కారు ఆమెది కాదు, ఫుమి బామ్మది. పొలానికైనా, గుడికైనా, బంధువులకి ముల్లంగి ఊరగాయ ఇచ్చి రావడానికైనా బామ్మ అందులోనే వెళుతుంది. షిజువోకా కొండల్లోని వాళ్ల తేయాకు ఊళ్లో ఎర్ర కారు వస్తోందంటే కోళ్లు కూడా పక్కకి తప్పుకుంటాయి. అలాంటి బామ్మ చలికాలం పోయినప్పటి నుంచీ, పొద్దున్నే స్టార్ట్ చేస్తే టక్ టక్ మంటోందని పోరుతోంది. కొడుకు షిగెరు, అంటే చిహయ నాన్న, నడిపి చూశాడు. ఏమీ లేదు. పట్నంలో ఒక షెడ్డువాళ్లు చూశారు. ఏమీ లేదు. ఇప్పుడు రేజి.

"లేని చప్పుళ్లు వినే మనిషి ఈ మలుపుల్లో బండి నడపకూడదంటున్నాడు నాన్న. ఆదివారం బామ్మని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లి లైసెన్సు వాళ్లకి అప్పజెప్పించేస్తాడు. కారు కొనేవాడు కూడా ఆ రోజే వస్తాడు."

"మీరు విన్నారా, ఆ చప్పుడు?"

చిహయ భయమంతా అక్కడే ఉంది. "లేదు," అంది.

రేజి మళ్లీ ఇంజన్ వైపు వంగాడు. ఇంజన్ పక్కన నాలుగు ఇనప గొట్టాలు ఒక్కటిగా కలిసే గుత్తి ఉంటుంది. కాలిన పొగంతా అందులోంచే సైలెన్సర్‌లోకి పోతుంది. మానిఫోల్డ్ అంటారు. దాని దగ్గర చెయ్యి పెట్టి, వేడికి వెనక్కి తీసుకున్నాడు. ఏదో తట్టినట్టు ఆగిపోయాడు.

"ఇంటి దగ్గర స్టార్ట్ చేసింది మీరేనా?"

"బామ్మ. ఎవరికి బండి ఇచ్చినా ముందు తనే స్టార్ట్ చేసి వెచ్చబెట్టి ఇస్తుంది. నేనైనా, నాన్నయినా లేచి బయటికొచ్చేసరికి బండి వెచ్చగా ఉంటుంది. చల్లటి బండి చేతికిస్తే, స్నానానికొచ్చిన చుట్టానికి చన్నీళ్ల తొట్టి చూపించినట్టుంటుందట."

రేజి పెద్దగా నవ్వాడు. చిహయ మొహం ఎర్రబడింది.

"కోప్పడకండి. మీ బామ్మగారి మర్యాదే ఆవిడ కొంప ముంచుతోంది." తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. ఆ ఇనుములో వెంట్రుకంత బీట ఉండొచ్చు. చల్లగా ఉన్నప్పుడు అందులోంచి గాలి టక్ టక్ మని కొడుతుంది. వేడెక్కితే ఇనుము ఉబ్బి బీట మూసుకుంటుంది. "చల్లగా ఉంటే మాట్లాడుతుంది, వెచ్చబడితే నోరు మూసుకుంటుంది."

"మనుషులైతే తిరగేసి," అంది చిహయ. అన్నాక, ఎందుకన్నానా అనుకుంది.

రేజి ఆ మాట విననట్టే గొట్టం చుట్టాడు కానీ, చుట్టిందే మళ్లీ చుట్టాడు. రేపు పొద్దున్న ఎవరూ బండి ముట్టుకోవద్దని, తనే వస్తానని చెప్పాడు.

"పొద్దున్నే మా ఇంటికా?"

"బండి దగ్గరికండీ."

"మా ఊరివాళ్లకి ఆ తేడా తెలీదు."

ఆమె చెప్పింది నిజమే. శనివారం తెల్లవారేసరికి సన్నటి జల్లు పడుతోంది. కొత్త చిగురు కోసే రోజులు కావడంతో ఆడవాళ్లంతా అప్పటికే తోటలో ఉన్నారు. రేజి చిన్న ట్రక్కు ఆ ఇంటి ముందు ఆగగానే సాళ్లలోంచి టోపీలు పైకి లేచాయి. అతను గేటు దాటేలోపు పై గట్టు దాకా సంబంధం కుదిరిపోయింది.

వాకిట్లో షిగెరు రబ్బరు బూట్లతో, అచ్చం కూతురిలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫుమి బామ్మ అప్పటికే తాళంచెవితో కారు దగ్గరికి వెళుతోంది. చిహయ పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"వానలో అంత దూరం నుంచి వచ్చిన అబ్బాయికి చల్లటి బండి ఇస్తామా?" అంది బామ్మ.

"ఇవ్వాలి బామ్మా. ఇవాళ ఒక్కరోజుకి మర్యాద పక్కన పెట్టు."

రేజి తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. దాంతో పాటే, పలక మీద వేలి గోరుతో కొట్టినట్టు, టక్ టక్ టక్ టక్.

చిహయ కళ్లలో నీళ్లు తిరిగాయి. బామ్మ కొడుకు వైపు చూసిందంతే.

షిగెరు అంత తేలిగ్గా లొంగే రకం కాదు. ముసలి బండి ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుందన్నాడు, ఫలానా చోట పగిలిందని ఎవరు చూశారని అడిగాడు. రేజికి తొందర పట్టుకుంది. ఇంకాసేపట్లో ఇనుము వేడెక్కితే సాక్ష్యం కాస్తా మూసుకుపోతుంది. చుట్టూ చూశాడు. ఇంట్లోంచి అగరొత్తి వాసన వస్తోంది. పెట్రోలు ఎక్కడా కారడం లేదని వేలితో తడిమి, వాసన చూసి, అప్పుడు బామ్మని ఒక అగరొత్తి అడిగాడు.

చనిపోయిన తాతగారి ఫోటో ముందు వెలుగుతున్నదే బామ్మ పట్టుకొచ్చింది. "ఆయన కూడా చూడాలిగా," అంది.

రేజి దాన్ని మానిఫోల్డ్ పక్కగా నడిపించాడు. పొగ సన్నటి దారంలా పైకి పోతోంది. ఒకచోట మాత్రం, ఎవరో ఊదినట్టు పక్కకి గెంతింది. టక్ అన్నప్పుడల్లా ఒక గెంతు. అతను అగరొత్తి షిగెరు చేతికిచ్చి పక్కకి జరిగాడు.

షిగెరు వంగి చూశాడు. గెంతులు క్రమంగా చిన్నవయ్యాయి. పొగ మళ్లీ తిన్నగా లేచింది. చప్పుడూ పోయింది. అయినా ఆయన అగరొత్తి పట్టుకుని తండ్రి ఫోటో ముందు నిలబడ్డట్టే చాలాసేపు ఉండిపోయాడు.

"అమ్మా, రేపు స్టేషన్‌కి వద్దులే."

"నేను వెళతానని ఎప్పుడన్నాను?" అంది బామ్మ.

రిపేరు రేజి షెడ్డులో జరిగింది. లైటు పట్టుకోవడానికి మనిషి కావాలన్నాడు. లైటు తగిలించడానికి కొక్కెం ఉండటం చిహయ చూసింది, అయినా లైటు తనే పట్టుకుంది. తుప్పు పట్టిన నట్లకి నూనె పోసి నానబెట్టి, ఒక్కొక్కటీ బతిమాలినట్టు విప్పాడు. ఆమె అడుగుతూనే ఉంది. ఇదేమిటి, అదెందుకు. పాత బండ్ల మార్కెట్లో దొరికిన మంచి మానిఫోల్డ్ సందుల్లోంచి పొగ పోకుండా మధ్యలో పెట్టే కొత్త గాస్కెట్ వేసి బిగించేటప్పుడు మధ్య నట్ల నుంచి ఎందుకు మొదలుపెట్టాడో కూడా అడిగింది. చివర్లు ముందు బిగిస్తే మధ్యలో పొంగుతుందని చెప్పాడు.

విప్పిన పాతదాని మీద బీట దొరికింది. వెంట్రుకంతే. దాని పొడవునా మసి చార. చిహయ ఆ చార మీద వేలు పోనిచ్చి, తర్వాత అదే వేలితో ముక్కు గోక్కుంది.

ఇంటికెళితే బామ్మ ఆ ముక్కు వైపు చూసి అడిగింది. "ఆ అబ్బాయి చెప్పలేదా?"

చిహయ అద్దంలో చూసుకుని, లేదంది.

"అయితే చూస్తూ కూర్చున్నాడన్నమాట."

ఆఖరి పరీక్ష కూడా పొద్దున్నే, చల్లటి బండి మీదే. రేజి వాకిట్లో తాళం తిప్పాడు. ఇంజన్ మెత్తగా గుర్రుమంది. ఇంకే చప్పుడూ లేదు. షిగెరు తల ఊపాడు. పని అయిపోయింది. ఇక రేజి రావలసిన అవసరం లేదు. అది ఇద్దరికీ తెలుసు కాబట్టి, అతను తుడిచిన పానానే తుడుస్తున్నాడు, ఆమె తుడిచిన అద్దమే తుడుస్తోంది.

ఫుమి బామ్మ తల పక్కకి వంచింది. "ఏదో చిన్న చప్పుడు ఇంకా ఉన్నట్టుంది."

అందరూ ఆగిపోయారు. షిగెరు మొహం వాడింది. రేజి గాభరాగా గొట్టం తీసి, ఒక చివర చెవికి ఆనించుకుని, ఇంజన్ అంతా వెతికాడు. లేని చప్పుడు ఉందని అతను ఎప్పుడూ చెప్పి ఎరగడు. "ఏమీ లేదే..." అంటూ ఉండగానే చిహయ వచ్చి గొట్టం రెండో చివర అందుకుని, నోటి దగ్గర పెట్టుకుని ఏదో అంది. చిన్నగా. ఏమందో మిగతావాళ్లకి వినపడలేదు.

రేజి చెవులు ఎర్రబడ్డాయి.

"ఉందండీ," అన్నాడు. "వినిపిస్తోంది."

షిగెరు గొట్టం వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. తర్వాత తల్లి వైపు. ఆవిడ మబ్బుల వైపు చూస్తోంది. ఆయన బరువుగా వంగి, బానెట్ దగ్గర చెవి పెట్టి, తీరిగ్గా విని లేచాడు.

"నాకూ వినిపిస్తోంది. ఇది ఒక్క పొద్దున తేలే పని కాదు. రేపూ రా. అన్నం ఇక్కడే తిందువుగాని."

తోటలో టోపీలు మళ్లీ పైకి లేచాయి. ఫుమి బామ్మ గబగబా కార్లోకి చెయ్యి పెట్టి తాళం తిప్పింది. ఇంజన్ ఆగిపోయింది.

"ఎందుకు బామ్మా ఆపేశావు?"

"వెచ్చబడితే పోతుందిగా," అంది.