ఎడమ మడ్‌గార్డ్

మంథని నుంచి పెద్దపల్లి పోయే తోవలో, ఒర్రె అనే చిన్న వాగు మీద ఒక కల్వర్టు ఉంది. దానికి సర్కారు పెట్టిన నంబరేదో ఉండే ఉంటుంది. జనం మాత్రం దాన్ని స్వరూప కల్వర్టు అంటారు. చీకటి పడ్డాక ఆ పేరు కూడా ఎత్తరు.

రాత్రిపూట దాని మీదుగా ఏ బండి పోయినా ముందు వైపు, ఎడమ మడ్‌గార్డ్ మీద ఎవరో తట్టినట్టు చప్పుడవుతుంది. టక్... టక్‌టక్. ఆటో అయినా అంతే, కారైనా అంతే, చివరి బస్సయినా అంతే. తట్టేది స్వరూప అని, మొగుడితో కొట్లాడి ఒర్రెలో దూకి చచ్చిన మనిషి అని, బండి ఎక్కించుకోమని అడుగుతుందని... ఎవరికి తోచింది వాళ్లు కలిపి చెప్తారు. స్వరూపను బతికుండగా సరిగ్గా చూసినవాళ్లు ఊళ్లో నలుగురు కూడా దొరకరు. దయ్యమయ్యాక చూసినవాళ్లు మాత్రం వీధికి పదిమంది.

ఈ కబుర్లు వింటే నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే స్వరూపకు ఒక బిడ్డ ఉంది. పేరు వినోద. తల్లి పోయేనాటికి బడికి పోయే పిల్ల. బస్సులో ఆ పిల్ల పక్క సీట్లో ఉండగానే, ఆమె తల్లి పేరు చెప్పి తమ పిల్లల్ని బెదిరించే మహాతల్లులు ఉండేవారు. ఇక తండ్రి... తన మాట పడలేకే పెళ్లాం దూకిందని ఊరంతా అంటుంటే, తల దించుకునే బతికాడు, తల దించుకునే పోయాడు.

వినోద తల దించలేదు. గులాం నబీ అనే ముసలి ఉస్తాద్ దగ్గర డెంటింగ్ పని నేర్చుకుంది. బండ్ల సొట్టలు తీయడం, జంగు పట్టి తుప్పు తిన్న రేకును కోసి కొత్త రేకు అతకడం. ఆడపిల్లకు ఇదేం పని అని మూతి తిప్పినవాళ్లే తర్వాత బండ్లు పట్టుకొని వచ్చారు. సొంత షెడ్డు వేసుకునే రోజు వచ్చేసరికి, పోయి పోయి ఆ కల్వర్టు పక్కనే జాగా తీసుకుంది. పైన పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించింది — స్వరూప డెంటింగ్ వర్క్స్. షెడ్డు వెనకే ఇల్లు.

అడిగినవాళ్లకు ఒకటే జవాబు.

"దయ్యం లేకపోతె భయమెందుకు? ఉంటె మా అవ్వనే గదా, కన్నతల్లికి ఇగ భయమెందుకు?"

చప్పుడు సంగతి కూడా ఆమే తేల్చింది. కల్వర్టు అంచున తారు లేచిపోయి కంకర తేలింది. ఎడమ టైరు దాని మీదికి ఎక్కితే రాళ్లు ఎగిరి మడ్‌గార్డ్‌కు తగులుతాయి. పగలూ తగులుతాయి, కాకపోతే రద్దీలో వినపడదు. ఒకసారి తనే చీపురు పట్టి ఆ కంకరంతా ఊడ్చిపారేసింది. కొన్నాళ్లు చప్పుడు ఆగిపోయింది. ఊరు ఏమందో తెలుసా? బిడ్డ శాంతి చేయించిందట.

ఇదంతా నాకు చెప్పింది ఫయాజ్. ఆమె షెడ్డులో రంగులు వేసేవాడు. నా పాత స్కూటరుకు రంగు కొడుతూ చెప్పాడు. ఫయాజ్ అబద్ధాలాడే మనిషి కాదు. ఆడితే "బండి రేపు ఇస్తా" అనే మాట ఒక్కటే ఆడతాడు.

ఇక మిగతాది అతను చెప్పినట్టే చెప్తాను.

సాగర్ అనే కుర్రవాడికి పెళ్లి కుదిరింది. అతని తాత ముత్యం ఒకప్పుడు ఇసుక కాంట్రాక్టర్. ఆయన గట్టిగా దగ్గితే వీధి అరుగుల మీద మనుషులు లేచి నిలబడేవారట. ఆ తాతగారి నల్ల అంబాసిడర్ కారు, ఊరవతల కొట్టంలో ఏళ్లకేళ్లుగా పడి ఉంది. పెళ్లి ఊరేగింపు, బారాత్, అందులోనే తీయాలని సాగర్ మోజు. తాత వద్దన్నాడు, తుక్కు కింద అమ్మిపారేద్దామన్నాడు. మనవడు వింటేనా. ముసలాయన కొండగట్టు దర్శనానికి పోయిన రోజు చూసి కారు బయటికి తీయించి, వినోద షెడ్డుకు పంపాడు.

టైర్లు కుళ్లిపోయాయి. చక్రాలు ఊడదీసి, కారును మోసి ట్రాక్టర్ ట్రాలీ మీద పెట్టి తాళ్లతో కట్టారు. పొలం పనులయ్యి ట్రాక్టర్ దొరికేసరికి రాత్రయింది. కారు కదలకుండా చెరో పక్కా పట్టుకొని వినోద, ఫయాజ్ ట్రాలీలోనే నిలబడ్డారు.

కల్వర్టు వచ్చింది.

టక్...

ఫయాజ్ వంగి ట్రాలీ చక్రం వైపు చూశాడు. కంకరే అనుకున్నాడు.

టక్‌టక్.

కింద నుంచి కాదు... పక్క నుంచి. కారు ఎడమ మడ్‌గార్డ్ లోంచి. నేలకు తగలని కారు. చక్రాలే లేని కారు.

"అక్కా..." అన్నాడు ఫయాజ్.

"తాడు లూజైనట్టున్నది," అంది వినోద.

తాడు లాగి చూసింది. బిగువుగానే ఉంది. అప్పుడు ఆ మడ్‌గార్డ్ మీద అరచెయ్యి పెట్టింది. షెడ్డు వచ్చేదాకా తీయలేదు.

"ఏమన్న తెలిసిందా అక్కా?" దిగాక అడిగాడు.

"జంగు. లోపలంత జంగే," అన్నది.

మర్నాటి నుంచి పని మొదలైంది. కారులో కూర్చొని కిందికి చూస్తే నేల కనిపిస్తోంది, ఫ్లోరు అంతగా తినేసింది. తలుపుల అడుగులు వేలితో పొడిస్తే పొడి రాలుతున్నాయి. ఇలాంటివాటికి చాలా షెడ్లలో పైపైన లప్పం ముద్ద పూసి రంగు కొట్టి పంపిస్తారు. మొదటి వాన దాకా బాగానే ఉంటుంది. వినోద దగ్గర అది చెల్లదు. మంచి రేకు తగిలేదాకా కోస్తుంది. "పైన రంగేస్తె కండ్లకు మంచిగనే ఉంటది. లోపల అది తింటనే ఉంటది," అంటుంది.

ఫ్లోరు అయింది. తలుపులు అయ్యాయి. మెకానిక్ వచ్చి ఇంజను, టైర్లు చూసుకున్నాడు. ఎడమ మడ్‌గార్డ్ మాత్రం మిగిలింది. ఇద్దరూ దాని మాట ఎత్తడం లేదు, దాని చుట్టూ తిరిగి పోతున్నారు. చివరికి పెళ్లి దగ్గరపడి రాత్రి కూడా పని చేయాల్సి వచ్చింది.

డెంటర్ల దగ్గర మ్యాగ్నెట్ ఒకటి ఉంటుంది, పాత స్పీకర్లోంచి పీకినది. గుడ్డలో చుట్టి బండి మీద జరుపుతారు. కింద రేకు ఉంటే అంటుకుంటుంది, లప్పం దట్టంగా ఉంటే నిలవదు. వినోద బానెట్ మీద పెట్టింది, అంటుకుంది. కుడి మడ్‌గార్డ్ మీద పెట్టింది, అంటుకుంది. ఎడమ దాని మీద పెట్టింది...

జారి కింద పడింది.

తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది.

"గింత లప్పమా..." అని ఉలి తీసుకొని కొట్టడం మొదలుపెట్టింది. పెచ్చులు పెచ్చులుగా లేచింది. కింద పెద్ద సొట్ట.

సొట్టను వెనక నుంచి ఒక్క దెబ్బ కొట్టి కూడా లేపలేదు. ఉన్నదున్నట్టు లప్పంతో పూడ్చి, పైన రంగు పూశారు. పని తెలిసినవాడు అలా చేయడు. ఎవరి కంటా పడకూడదని అదరాబాదరాగా చేసిన పని అది.

ఫయాజ్ లైటు దగ్గరికి పట్టాడు. గుంత గుండ్రంగా ఉంది. దాని ఒక పక్క లోతుగా, వంపు తిరిగిన గీత. ఆ గీతలో సన్నగా ఏదో పసుపుపచ్చగా మెరిసింది.

ఇత్తడి.

వినోద లేచి ఇంట్లోకి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఇత్తడి బిందె ఉంది. స్వరూప చనిపోయిన రాత్రి నీళ్లకని బోరింగ్‌కు తీసుకుపోయిన బిందె. తెల్లారి ఒర్రె పక్క పొలంలో, ఒకవైపు అణిగిపోయి దొరికింది. కోపంలో విసిరికొట్టి దూకిందని ఊరు తేల్చేసింది. అందరి బండ్ల సొట్టలూ తీసిన వినోద, ఆ బిందె సొట్ట తీయలేదు. ఎన్నిసార్లు కూర్చున్నా చెయ్యి రాలేదట.

అణిగిన వైపు తిప్పి, మడ్‌గార్డ్‌కు ఆనించింది.

టక్.

బిందె ఆ గుంతలో ఒదిగి కూర్చుంది. దాని మూతి అంచు సరిగ్గా ఆ గీతలో దిగింది.

ట్రాలీ మీద విన్నదీ ఆ చప్పుడే...

"మా అవ్వ దుంకలేదురా," అంది వినోద. నేల మీద కూలబడి ఏడ్చింది. "బాపు తన మాటకే దుంకిందని కుమిలి కుమిలి సచ్చిండు. ఆమె దుంకలేదు."

కాసేపటికి ఫయాజ్ మెల్లగా అన్నాడు, "ఠాణాకు పోదాం అక్కా."

"పోయి ఏమంటం? బిందె, సొట్ట చూపిస్తె నవ్వుతరు. ఆ రాత్రి బండి నడిపింది ముసలోడా, డ్రైవరా, ఇంకెవడన్ననా... తెల్వది గదా."

"మరి?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "బండి చేద్దాం. మొకం కనవడేటట్టు మెరవాలె. గీ సొట్ట మాత్రం ముట్టద్దు."

అలాగే చేశారు. సొట్ట మీది జంగు గీకి, లప్పం పెట్టకుండా, గుంత గుంతగానే రంగు వేశాడు ఫయాజ్. ఆ పక్కన నిలబడితే మన ముఖం ఆ గుంతలో వంకరగా కనిపించేదట.

కారు తీసుకుపోవడానికి సాగర్ పొద్దు గూకే వేళ వచ్చాడు. తాతకు చూపించి మెప్పించాలని ఆయన్నీ వెంటబెట్టుకొచ్చాడు. ముసలాయన షెడ్డు బయటే ఆగిపోయాడు. సాగర్ మురిసిపోతూ కారు చుట్టూ తిరిగాడు. ఎడమ పక్కకు రాగానే నిలబడిపోయాడు.

"అక్కా, గిదేంది? మర్శిపోయినవా?"

"మర్శిపోలే. తియ్యలే."

"పెండ్లి బండికి సొట్టనా?"

"అది ఎట్ల పడ్డదో చెప్తె తీస్త. మీ తాతనడుగు."

సాగర్ తాత వైపు చూశాడు. ముసలాయన ఎటో చూస్తూ అన్నాడు, "ఎన్నటిదో. బర్రె తగిలింది."

"బర్రె తగిలితె గిట్ల పడదు," అంది వినోద.

"గేటుకు తగిలిందేమో. ఎవనికి యాదుంటది."

"బర్రెనా, గేటా?"

"నీకు చెప్పాల్నా? నీ పని నువ్వు చెయ్ పిల్లా."

"పనే చేస్తున్న. బర్రెనా, గేటా?"

ముసలాయన ముఖం ఎర్రబడింది. ఒకప్పుడు ఊరిని గదమాయించిన గొంతు బయటికొచ్చింది. "బిందె తగిలి పడ్డ సొట్టకు గింత పంచాయితీ ఎందుకే?"



బిందె మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. బిందె ఇంట్లో ఉంది, తలుపు వేసి ఉంది.

"ఏ బిందె తాతా?" అన్నాడు సాగర్.

ముసలాయన పక్కనున్న పెయింటు డబ్బా మీద కూర్చున్నాడు. తనలో తాను మాట్లాడుకున్నట్టు...

"ఒక్క లైటే వెలుగుతుండె... బిందె మెరిశింది. గంతే. మనిషి ఒడ్డు కింద పడ్డది. సచ్చిందనుకున్న."

"దిగి చూసినవా?" వినోద గొంతు పెంచలేదు.

"లే... అద్దాలు ఎక్కిచ్చుకొని కూసున్న."

"దిగకుంటనే సచ్చిందని ఎట్ల తెలిసె?"



"సావలే. పాక్కుంట పైకొచ్చింది... ఎడమ పక్కకు. మడ్‌గార్డ్ మీద చెయ్యితోని తట్టింది."

ఫయాజ్ ఇది చెప్పేటప్పుడు నా స్కూటరు మీది బ్రష్ పక్కన పెట్టేశాడు.

"తట్టుతనే ఉండె... నేను బండి ఎన్కకు తీసుకొని పోయిన. ఆమె మళ్ల కింద పడ్డట్టున్నది, పొద్దుగాల ఒర్రెల దొరికిందన్నరు."

వినోద చేతిలో సుత్తి ఉంది. ఫయాజ్ దానివైపే చూస్తున్నాడు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, వచ్చి ముసలాయన ముందు నిలబడింది.

"లే. బండెక్కు. నాకు చెప్తె సరిపోదు. బస్టాండ్ కాడ హోటల్ల చెప్పు, పదిమంది ఇనాలె. ఎన్క ఠాణాల చెప్పు."

"ముసలోన్ని బిడ్డా... ఇజ్జత్ పోతది."

"ఇన్నేండ్లు మా అవ్వ ఇజ్జత్ మీద నీ బండి నిలవెట్టుకున్నవ్. ఇగ తియ్."

తాత మనవడి వైపు చూశాడు. సాగర్ కారు తలుపు తెరిచి, తాత చెయ్యి పట్టి లేపి కూర్చోబెట్టాడు. తనే నడిపాడు.

హోటల్లో ఆయన చెప్పాడు. ఠాణాలోనూ చెప్పాడు. కేసు నడుస్తోంది, ఏమవుతుందో నాకు తెలీదు. సాగర్ పెళ్లయింది, బారాత్ లేకుండా. కారు ఠాణా ముందు వేపచెట్టు కింద ఉంది. పోయేవాళ్లు ఆగి ఆ సొట్ట చూస్తున్నారు. దూకి చచ్చింది అన్న నోళ్లు ఇప్పుడు "మాకు అప్పుడే అనుమానం" అంటున్నాయి. ఆ నోళ్లకు వినోద ఏం లప్పం పెట్టగలదు.

షెడ్డుకు వచ్చే ప్రతివాడికీ ఆమె ఒక మాట చెప్పి పంపుతోంది. "కల్వర్టు మీద చప్పుడైతె బండి ఆపి, దిగి చూడాలె. దిగనోని బండి నా షెడ్డుకు తేవద్దు."

మొన్న ఎండాకాలం ఆ రోడ్డుకు కొత్త తారు పోశారు. కల్వర్టు అంచు కూడా సాపు చేశారు. ఇప్పుడక్కడ వెతికినా గులకరాయి దొరకదు. ఆ తర్వాత ఒక రాత్రి నేను స్కూటరు మీద అటు వస్తున్నాను.

టక్...

టక్‌టక్.

భయం వేయలేదంటే అబద్ధం. పారిపోబుద్ధి కాలేదంటే అంతకన్నా పెద్ద అబద్ధం. బండి ఆపాను. స్టాండు వేసి ఎడమ పక్కకు పోయి, ఒడ్డు కిందికి సెల్ లైటు కొట్టాను.

షెడ్డులోంచి వినోద గొంతు వినిపించింది. "ఎవరది?"

"నేనే. చప్పుడైంది... దిగి చూస్తున్న."



"చూడు," అంది. "మంచిగ చూడు."