సెంబవాంగ్‌లో రెండు షెడ్లు

ఇన్సులిన్ పెన్ ఫ్రిజ్‌లోనే ఉంది.

పునీత ఫ్రిజ్ తలుపు మూసి వెనక్కి తిరిగింది. డిసెంబర్ 24. ఉదయం 10:40. బుకిట్ పంజాంగ్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్.

"రోజుకి ఎన్నిసార్లు?"

"రెండుసార్లండీ. నిన్న పొద్దున ఏడున్నరకి నేనే ఇచ్చాను. ఆ తర్వాత లేదు." అంది గీతాంజలి. "అమ్మ ఇంతసేపు ఇన్సులిన్ లేకుండా ఎప్పుడూ ఉండలేదు."

కనిపించకుండా పోయినావిడ పేరు ప్రభావతి. అరవై ఆరేళ్లు. రిటైరైన టీచరు. చివరిసారి కనిపించింది నిన్న మధ్యాహ్నం 12:50కి, ఊరి ఉత్తరపు కొసన ఉన్న సెంబవాంగ్‌లో. ఫోను 1:15కి ఆగిపోయింది.

పునీత పుట్టింది మలేసియాలోని ఈపోలో. ఇక్కడికొచ్చి పదకొండేళ్లు పోలీసు ఉద్యోగం చేసింది. ఇప్పుడు ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్. పోలీసులు కూడా వెతుకుతున్నారు. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ హఫీజ్ ఆమె పాత సహోద్యోగి. ఇందాకే ఫోన్‌లో ఒక వివరం చెప్పాడు. ప్రభావతి నిన్న ఉదయం సెంబవాంగ్‌లో రైలు దిగినప్పుడు ప్రయాణ కార్డు ట్యాప్ చేసింది. ఆ తర్వాత ఎక్కడా చేయలేదు.

"సెంబవాంగ్ ఎందుకెళ్లారు?"

"ఈ పుస్తకం కోసం."

గీతాంజలి బల్ల మీది నుంచి పాత పుస్తకం అందించింది. సెంబవాంగ్ నేవల్ బేస్‌లో గుమాస్తాగా చేసిన ఒక తెలుగాయన అరవైల్లో రాసిన క్రిస్మస్ కథ. మలయా తెలుగు కుటుంబాల్లో ఆ కథ తెలియనివాళ్లు తక్కువ. పునీత వాళ్ల అమ్మమ్మ కూడా దాన్ని చదివి వినిపించేది. తెల్లదొరలు బంగళాలో విందు చేసుకుంటుంటే, కూలీ కూతురొకతె తండ్రికి అన్నం పట్టుకొస్తుంది.

ఆ కథలోని చోట్లన్నీ నిజంగా ఉన్నవేనని చక్రధర్ అనే ఐటీ మేనేజరు ఈ ఏడాది ఒక గైడ్ పుస్తకం వేశాడు. బంగళా, చర్చి, ఓడలకేసే రంగులు దాచే రంగుల షెడ్డు, అన్నీ గుర్తుపట్టానన్నాడు. ఈరోజు సాయంత్రం నాలుగింటికి ఆ షెడ్డు దగ్గర ఫలకం ఆవిష్కరణ. వంద మంది వస్తారు.

పునీత పుస్తకం తిరగేసింది. ఒక వాక్యం కింద పెన్సిల్ గీత.

'మధ్యాహ్నపు గంట కొట్టేవేళకి రంగుల షెడ్డు మెట్టు మీద, నీడలో కూర్చుని, క్యారియర్ ఒళ్లో పెట్టుకుంది.'

పక్కనే ప్రభావతి చేతిరాతలో ఒకే ఒక్క మాట. 'జూన్!'

"జూన్ ఏంటి? కథ జరిగింది క్రిస్మస్‌కి కదా?"

"తెలీదండీ."

పునీతకీ తెలియలేదు. పుస్తకం సంచిలో వేసుకుంది.

* * *

మధ్యాహ్నం 12:35. సెంబవాంగ్.

సిమెంటు షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. దక్షిణానికి తలుపు. మూడు మెట్లు. గోడకి కొత్త ఫలకం, దాని మీద ఎర్ర గుడ్డ. చక్రధర్ కుర్చీలు వేయిస్తున్నాడు. గైడ్ పుస్తకానికి మ్యాప్ గీసిన నిశాంత్ మైకు సరిచూస్తున్నాడు. గీతాంజలి వెంటే వచ్చింది. హఫీజ్ అప్పుడే కారు దిగాడు.

"నిన్న ఆంటీతో చివర ఉన్నది మీరేనా?" పునీత అడిగింది.

"నేనే. పోలీసులకు చెప్పిన కదా." చక్రధర్ ముఖం తుడుచుకున్నాడు. "ఈ మెట్టు మీదనే కూసున్నరు. ఫొటో దీసిన. బస్సెక్కుత అని పోయిన్రు."

"ఎన్ని గంటలకి?"

"ఒంటి గంట అయితుండె."

"బస్సెక్కలేదు. కార్డు ట్యాప్ కాలేదు."

"మరి నడిచి పోయిన్రేమో. నాకెట్ల తెలుస్తది?"

"గొడవేమైనా అయిందా?"

"నాతోనా? ఆంటీ నాకు తల్లి లెక్క."

పునీత నిశాంత్ వైపు తిరిగింది. "మీరు?"

"నేను నిన్న పదకొండింటికే బెడోక్‌లో షాపుకి వెళ్లిపోయానక్కా, ఫలకం తేవడానికి. కానీ ఆంటీ నన్నొకటి అడిగారు. ఇలాంటి షెడ్డు ఇంకోటి ఉంది కదా, దాని తలుపు ఎటుంది అని."

"ఇంకో షెడ్డా?"

"రోడ్డవతల, ఆ దిబ్బ వెనకాల. కన్‌స్ట్రక్షన్ సైటు కంచె లోపల ఉంది. అచ్చం ఇలాగే ఉంటుంది. తలుపు మాత్రం ఉత్తరానికి..."

"దాంతో మనకేం పని నిశాంత్? మైకు జూడు." చక్రధర్ మాట మధ్యలోనే తుంచేశాడు.

పునీత ఫోన్ తీసి, చక్రధర్ నిన్న వాట్సాప్ గ్రూపులో పెట్టగా గీతాంజలి తనకు పంపిన ఫొటో తెరిచింది. 12:50కి తీసింది. 12:52కి గ్రూపులో పెట్టింది. మెట్టు మీద ప్రభావతి. చేతిలో నీళ్ల సీసా, ఒళ్లో గొడుగు. వెనక మూసిన తలుపు. చుట్టుపక్కల ఇంకేమీ కనపడదు.

టైము చూసింది. 12:48.

వెళ్లి అదే మెట్టు మీద కూర్చుంది. ఎండకి కాలి ఉన్న మెట్టు చురుక్కుమంది. వెంటనే లేచి నిలబడింది.

ఒక్క క్షణం ఆ మెట్టునే చూసింది. సంచిలోంచి పుస్తకం తీసింది. 'జూన్!'

"చక్రధర్ గారూ, ఈ షెడ్డు మీరు మొదట చూసింది ఏ నెలలో?"

"జూన్‌ల. ఎందుకు?"

"మధ్యాహ్నమా?"

"మధ్యాహ్నమే. కథల ఉన్నట్టే మెట్టు మీద నీడ ఉండె. అందుకే గదా గుర్తువట్టిన!"

పునీత గొంతు తగ్గించింది.

"మనం ఉన్నది భూమధ్యరేఖ పక్కన. జూన్‌లో సూర్యుడు ఉత్తరానికి ఒరుగుతాడు. అప్పుడు షెడ్డుకి దక్షిణం వైపు నీడ పడుతుంది. డిసెంబర్‌లో దక్షిణానికి ఒరుగుతాడు. నీడ ఉత్తరం వైపు పడుతుంది. కథలో పిల్ల కూర్చున్నది క్రిస్మస్ మధ్యాహ్నం. ఈ మెట్టు మీద ఆవేళ నీడ ఉండదు. మీ పుస్తకంలో షెడ్డు తప్పు. ఆంటీకి అది తెలిసిపోయింది."

చక్రధర్ ఫలకం వైపు తిరిగాడు.

"అది పుస్తకంలో తప్పు. ఇది చూడండి." ఫోన్ అతని ముఖం ముందు పెట్టింది. "నిన్న కూడా ఇలాగే ఎండ కాసింది. ఇదే టైము. ఆంటీ కూర్చున్న మెట్టంతా నీడ. ఎండ ఆవిడ పాదాలకి మూరెడు దూరంలో ఆగిపోయింది. ఈ ఫొటో ఇక్కడ తీసింది కాదు. ఎక్కడ తీశారు?"

"నేను..."

"ఆవిడ ఇన్సులిన్ తీసుకుని ఇరవై తొమ్మిది గంటలు దాటింది. ఎక్కడ?"

చక్రధర్ కుర్చీలో కూలబడ్డాడు. చెయ్యెత్తి రోడ్డవతల దిబ్బని చూపించాడు.

* * *

అందరూ పరుగెత్తారు. కంచె రేకు ఒకచోట వంగి ఉంది. దూరి లోపలికి వెళ్లారు. మోకాలెత్తు గడ్డి. షెడ్డు ఇనుప తలుపుకి బయటి నుంచి గడియ. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. హఫీజ్ రాయి తీసుకుని మూడు దెబ్బలు కొట్టాడు. తలుపు తెరుచుకుంది.

వేడి గాలి ముఖాన కొట్టింది.

ప్రభావతి గోడకి ఆనుకుని ఉంది. పెదాలు పగిలిపోయాయి. పక్కన ఖాళీ సీసా. పైన చేతికందని చిన్న జాలీ, లోపలికి వచ్చే వెలుతురంతా అదే. తలుపు లోపలి పక్క గొడుగు పిడితో కొట్టిన సొట్టలు. లెక్కపెట్టలేనన్ని.

"అమ్మా!"

కళ్లు తెరిచింది. బతికే ఉంది.

అంబులెన్స్ పన్నెండు నిమిషాల్లో వచ్చింది. ఈలోపు చక్రధర్ ఏడుస్తూ చెబుతూనే ఉన్నాడు.

"ఫలకం తీసెయ్యమన్నరు సార్. రేపు అందరి ముంగట చెప్త అన్నరు. బ్యాగు నా చేతికిచ్చి, లోపల జూసొస్త అని పోయిన్రు. కోపంల తలుపేసిన. ఒక్క గంట ఉంచుదామనుకున్న. బతిమాలి ఒప్పిద్దామనుకున్న. అంతల పెద్ద వాన. తిరిగొస్తే సైటు కాడ గార్డు ఉండె. లోపలికి రానీకె రాలే. రాత్రయింది, భయమైంది. మల్ల ఇటు దిక్కు రాలేకపోయిన. గంట గంటకు చెప్పుడు ఇంకింత కష్టమైంది. నేను గూడ ఇందులనే ఇరుక్కపోయిన సార్."

హఫీజ్‌కి తెలుగు రాదు. పునీత ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పింది. అతను రాసుకున్నాడు. చక్రధర్ కారు డిక్కీలో ప్రభావతి హ్యాండ్‌బ్యాగు దొరికింది. అందులో స్విచాఫ్ చేసిన ఫోను.

స్ట్రెచర్ కదిలింది. చక్రధర్ అడ్డం వచ్చి చేతులు జోడించాడు.

"ఆంటీ, తప్పయిపోయింది. లోపలికి రానీకె వీల్లేకుండె."

ప్రభావతి చెయ్యెత్తింది. స్ట్రెచర్ ఆగింది.

"పొద్దున వచ్చావు కదయ్యా."

చక్రధర్ చేతులు అలాగే ఉండిపోయాయి.

"జాలీలోంచి అప్పుడే తెల్లగా వెలుతురు పడింది. గడ్డిలో అడుగుల చప్పుడైంది. నాకు గొంతు పోయింది. గొడుగుతో కొట్టాను. అడుగులు ఆగాయి. నీ ఫోన్ మోగింది." ఊపిరి తీసుకుంది. "'గీతా, నేను కూడా వెతుకుతనే ఉన్న, నువ్వేం భయపడకు' అన్నావు ఫోన్‌లో. తలుపుకి అటు నువ్వు, ఇటు నేను. నా కూతురి పేరు విని ఇంకా గట్టిగా కొట్టాను. నువ్వు ఫోన్ పెట్టేసి వెళ్లిపోయావు."



గీతాంజలి తల్లి చెయ్యి వదిలింది. తన ఫోన్ తీసి కాల్ లిస్టు కిందకి జరిపింది. ఉదయం 7:12. చక్రధర్. నలభై ఎనిమిది సెకన్లు.

దాన్ని హఫీజ్ చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా అంబులెన్స్ ఎక్కింది.